‘కాపాడకపోవచ్చు’కూ ‘కాపాడలేదు’కూ మధ్య: సెన్సార్‌షిప్‌ను దాటే సూచనలను రొమేనియన్‌లోకి అనువదించడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. రొమేనియన్ మాట్లాడే మోల్డోవా దేశపు రాజధాని కిషినావ్‌లో వైద్యం చదువుతూ, ఆసుపత్రిలో రోగులతో మాట్లాడుతూ మీరు రొమేనియన్ నేర్చుకున్నారు. ఇప్పుడు ఇంటర్నెట్ నిరోధాలను దాటడం ఎలాగో చెప్పే సహాయ పేజీలను ఇంగ్లీషు నుంచి రొమేనియన్‌లోకి అనువదించడానికి ఒప్పుకున్నారు. రాకపోకలను పలు సర్వర్ల మీదుగా పంపి వాడేవారి ఆచూకీ దాచే టోర్ బ్రౌజరు, టోర్‌లోకి చేర్చే దాపరిక ద్వారాలైన బ్రిడ్జిలు, సైటు పేరుకు చిరునామా చెప్పే డీఎన్ఎస్ సర్వరు మార్పు, రాకపోకలను మరో సర్వరు గుండా దాటించే వీపీఎన్‌ల గురించిన పేజీలవి. భాష వచ్చు, సాంకేతిక నిఘంటువు చేతిలో ఉంది, ఇంకా ఏమి చూసుకోవాలి అని అడిగారు.

నేను పదిహేడేళ్లుగా రొమేనియాలోని క్లూజ్‌లో ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ పాఠ్యాలను రొమేనియన్‌లోకి మార్చడం నా వృత్తి. ఇలాంటి సహాయ పేజీల మీద వారాంతాల్లో చాలా కాలం పనిచేశాను. అందువల్ల కొంత వివరంగానే రాస్తాను.

నిఘంటువు కంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఈ పేజీని చదివేది ఎవరు? రొమేనియాలో ఉన్నవారికి దీని అవసరం తక్కువ. అక్కడ జూద నియంత్రణ కార్యాలయం నిషేధించిన సైట్లను ఇంటర్నెట్ కంపెనీలు అడ్డుకుంటాయి. 2022 మార్చి నుంచి ఐరోపా సమాఖ్య ఆంక్షల ప్రకారం కొన్ని రష్యన్ ప్రభుత్వ మాధ్యమాలూ ఆగిపోయాయి. అంతకు మించి చెప్పుకోదగ్గ అడ్డంకులు లేవు. పౌరుల ఫోను, ఇంటర్నెట్ వాడకం వివరాలను నిల్వ చేయాలన్న చట్టాన్ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2009లో ఒకసారి, దాని స్థానంలో వచ్చిన చట్టాన్ని 2014లో మరోసారి కొట్టేసింది. బుకారెస్ట్‌లోని పాఠకుడు మీ పేజీని చాలావరకు ఆసక్తి కొద్దీ చదువుతాడు.

అవసరం కొద్దీ చదివేవాడు వేరే ఉన్నాడు. నా మనసులో ఎప్పుడూ మెదిలే పాఠకుడు, మాస్కోలో భవన నిర్మాణంలో పనిచేసే మోల్డోవా మనిషి. అతడికి రష్యన్ మాట్లాడటం వచ్చు. కానీ కొత్త విషయాన్ని తప్పు లేకుండా అర్థం చేసుకోవాలంటే ఇంటి భాషే కావాలి. రష్యాలో 2021 డిసెంబరులో టోర్ ప్రాజెక్ట్ వెబ్‌సైటును అడ్డుకున్నారు. 2024 మార్చి 1 నుంచి, నిరోధాలను దాటే పద్ధతుల గురించి సమాచారం వ్యాప్తి చేయడమే అక్కడ నిషిద్ధం. అంటే మీ పేజీ అతడికి నేరుగా తెరుచుకోదు. ఎవరో స్నేహితుడు కాపీ చేసి పంపితే, పాత ఫోనులో, సగం విరిగిన వరుసలతో చదువుతాడు. బొమ్మలు రావు, లింకులు పనిచేయవు, సందేహం వస్తే అడగడానికి ఎవరూ ఉండరు. మీరు రాసే ప్రతి వాక్యం ఆ పరిస్థితిలో ఒంటరిగా నిలబడగలగాలి. నా సమాధానం మొత్తానికి మూలం ఇదే.

మోల్డోవాలోనూ ఈ అనుభవం కొత్తది కాదు. 2009 ఏప్రిల్ 5 ఎన్నికల తర్వాత, 7వ తేదీన కిషినావ్‌లో యువకులు పార్లమెంటు ముందు చేరినప్పుడు చౌరస్తాలో మొబైల్ నెట్‌వర్కులు పోయాయి, కొన్ని వార్తా సైట్లు తెరుచుకోలేదు. మరో వైపు నుంచి చూస్తే, 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రోజుల్లో మోల్డోవా భద్రతా సేవ రష్యన్ ప్రభుత్వ వార్తా సైటైన స్పుత్నిక్ మోల్డోవాను మూయించింది. ఆ సైటు చదవాలనుకునేవాడూ మీ పేజీకి రావచ్చు. అతడు ఏమి చదవాలో నిర్ణయించే పని మీది కాదు. సహాయ పాఠంలోకి మీ రాజకీయాభిప్రాయం ఒక్క విశేషణం రూపంలో కూడా రానివ్వకండి. మూలంలో ‘నిరోధించిన సైటు’ అని ఉంటే అనువాదంలోనూ అంతే ఉండాలి. ‘అన్యాయంగా నిరోధించిన’ అనకూడదు.

ఇక పనిలోకి వద్దాం. అనువాదం మొదలుపెట్టే ముందు, ఆ పేజీలో చెప్పిన ప్రతి మెట్టునూ మీ చేతులతో ఒకసారి చేసి చూడండి. టోర్ బ్రౌజర్ రొమేనియన్‌లోనూ దొరుకుతుంది. దానిని దించుకుని, భాషను రొమేనియన్‌కు మార్చి, బ్రిడ్జి జతచేసి, కనెక్ట్ అయ్యేవరకు వెళ్లండి. ఇలా చేయమనడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, తెర మీద ఉన్న మాటకూ మీ పేజీలోని మాటకూ ఒక్క అక్షరం తేడా ఉండకూడదు. బటను మీద ‘కొనెక్తారె’ అనే నామవాచకం ఉంటే, మీరు ‘కొనెక్తెయాజ’ అనే క్రియ రాయకూడదు. మీ మాట ఎంత అందంగా ఉన్నా సరే. కంగారులో ఉన్న మనిషి అర్థం కోసం కాదు, ఆకారం కోసం వెతుకుతాడు. బటను పేరును రొమేనియన్ పద్ధతిలో, కింద తెరుచుకుని పైన మూసుకునే ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉన్నది ఉన్నట్టు పెట్టండి.

రెండవ కారణం యంత్రాంగం అర్థం కావడం. నిరోధం ఒక్క రకం కాదు. డీఎన్ఎస్ స్థాయిలో అడ్డుకుంటే, సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే చోట మాత్రమే అబద్ధం చెబుతారు. అప్పుడు వేరే డీఎన్ఎస్ సర్వరు పెట్టుకుంటే పని జరుగుతుంది. కానీ రష్యాలో 2019 చట్టం తర్వాత ఇంటర్నెట్ కంపెనీల దగ్గర, ప్రవహించే సమాచారాన్ని లోపలిదాకా పరీక్షించే పరికరాలు పెట్టారు. అక్కడ డీఎన్ఎస్ మార్పు ఒక్కటే చాలదు. మూలంలో ‘కొన్ని సందర్భాల్లో డీఎన్ఎస్ మార్చడం సరిపోతుంది’ అని ఉంటే, ఆ ‘కొన్ని సందర్భాల్లో’ అన్న మాట వాక్యానికి అలంకారం కాదు, ప్రాణం. యంత్రాంగం తెలియని అనువాదకుడు వాక్యం బరువుగా ఉందని దానిని తీసేస్తాడు. నేను అలాంటివి ఎన్నో దిద్దాను.

ఇస్తాంబుల్ గోడలు ఇక్కడ గుర్తుకొస్తాయి. 2014 మార్చిలో టర్కీ ప్రభుత్వం ట్విట్టర్‌ను నిరోధించినప్పుడు జనం గూగుల్ డీఎన్ఎస్ చిరునామా 8.8.8.8ను గోడల మీద రంగుతో రాశారు. భాష అక్కరలేని సూచన అది, నాలుగు అంకెలు. కొద్ది రోజుల్లోనే టర్కీ ఇంటర్నెట్ కంపెనీలు ఆ చిరునామాకు వెళ్లే రాకపోకలనే తమవైపు మళ్లించుకున్నాయి. గోడ మీది రాత మాత్రం అలాగే ఉంది. నిన్నటి సరైన సూచన ఈరోజు వల కావచ్చు. కాబట్టి ప్రతి పేజీ పైన, చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలని పట్టుబట్టండి. ఇంగ్లీషు మూలం మారితే వెబ్‌లేట్ వంటి అనువాద వేదికలు పాత అనువాదాన్ని ‘మళ్లీ చూడాలి’ అని గుర్తుపెడతాయి. కొత్త పేజీలు మొదలుపెట్టడానికి ముందు అలా గుర్తుపెట్టినవాటిని పూర్తిచేయండి. అసలు అనువాదమే లేకపోతే చదివేవాడు మరో దారి వెతుక్కుంటాడు. పాతబడిన అనువాదాన్ని మాత్రం నమ్ముతాడు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. హెచ్చరిక వాక్యాల్లో క్రియ. ఇంగ్లీషు హెచ్చరికల్లో ‘ఇది మిమ్మల్ని కాపాడకపోవచ్చు’ అన్న అర్థం వచ్చే వాక్యాలు అడుగడుగునా ఉంటాయి. రొమేనియన్‌లో ‘ప్వాతె స ను’ అంటే ‘కాపాడకపోవచ్చు’. ‘ను ప్వాతె స’ అంటే ‘కాపాడలేదు’, అంటే కాపాడే శక్తే దానికి లేదు. అవే మూడు మాటలు, ‘ను’ చోటు మారిందంతే. తెలుగులో ఈ రెండూ వేర్వేరు క్రియారూపాలు కాబట్టి మనకు తేడా చెవికి తగులుతుంది. ఇంగ్లీషు వాక్యాన్ని వరుసగా మార్చుకుంటూ పోయేవారికి తగలదు. ఈ పనిలో నా మొదటి సంవత్సరం, ఒక స్వచ్ఛంద బృందం కోసం చేసిన పేజీలో నేనే ఈ తప్పు చేశాను. ‘బ్రిడ్జి మీ టోర్ వాడకాన్ని దాచకపోవచ్చు’ అని ఉండవలసిన చోట ‘దాచలేదు’ అని పడింది. ఆ పేజీ చదివిన ఒకరు, బ్రిడ్జి వల్ల ఉపయోగం లేదనుకుని, ఏ బ్రిడ్జీ లేకుండా నేరుగా టోర్‌కు కనెక్ట్ అయ్యారు. ఆయన ఉన్న దేశంలో అది తెలివైన పని కాదు. ఆయనకు ఏ హానీ జరగలేదని తర్వాత తెలిసింది. ఆ విషయం తెలిసే వరకు గడిచిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అప్పటి నుంచి ఏ పేజీనైనా పూర్తిచేశాక, అందులోని ‘వచ్చు’, ‘తప్పక’, ‘మంచిది’ అన్న అర్థం వచ్చే వాక్యాలను మాత్రం ఏరి, వాటిని తిరిగి తెలుగులో గట్టిగా చెప్పుకుంటాను. తెలుగులో అర్థం మారితే రొమేనియన్‌లో తప్పుందన్నమాట. మీకూ ఈ పద్ధతి పనికొస్తుంది. మాతృభాషను తక్కెడగా వాడుకోండి.

పదాల విషయంలో రొమేనియన్‌కు తనదైన చరిత్ర ఉంది. దాన్ని నిఘంటువు చెప్పదు. ‘సెకురితాతె’ అంటే భద్రత. సాంకేతిక రచనల్లో నిస్సంకోచంగా వాడే మాట. కానీ దానికి ఇంగ్లీషు ‘ది’ వంటి నిర్దేశక ప్రత్యయం చేరి, శీర్షికలో పెద్ద అక్షరంతో మొదలై, ‘సెకురితాతెయా’ అయితే అది 1948 నుంచి 1989 డిసెంబరు వరకు ఆ దేశాన్ని నీడలా వెంటాడిన రహస్య పోలీసు సంస్థ పేరు. ‘మీ భద్రత’ అనే శీర్షికను మీరు యథాలాపంగా అనువదిస్తే, అరవై దాటిన పాఠకుడి కంటికి ముందు ఆ సంస్థే కనిపిస్తుంది. మనిషి క్షేమం గురించి చెప్పేటప్పుడు నేను ‘సిగురాన్త్స’ వాడతాను. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల గురించి చెప్పేటప్పుడు మాత్రం ‘సెకురితాతె’ వాడతాను, అదీ నిర్దేశక రూపం రాకుండా వాక్యం కట్టుకుంటాను. నిజానికి యుద్ధాల మధ్యకాలపు రహస్య పోలీసులకు ‘సిగురాన్త్స’ అన్న పేరే ఉండేది. కానీ ఆ జ్ఞాపకం ఇప్పుడు బతికున్నవారి మనసుల్లో అంతగా లేదు. మరొకటి ‘దొసార్’. ఫోల్డరుకు కొందరు ఈ మాట వాడతారు. అదే మాటకు పోలీసుల దగ్గర ఒక మనిషి మీద ఉండే దస్త్రం అన్న అర్థమూ ఉంది. 1983లో టైపురైటర్లను కూడా మిలిషియా, అంటే అప్పటి పోలీసుల దగ్గర నమోదు చేయించి, వాటి అక్షరాల నమూనా ఇవ్వాలని ఉత్తర్వు తెచ్చిన దేశమది. ఆ తరానికి ‘మీ దస్త్రం’, ‘నమోదు’ అన్న మాటలు ఖాళీ మాటలు కావు. నేను ‘ఫోల్దెర్’ అనే రాస్తాను, అందరికీ తెలుసు.

‘సెన్సార్‌షిప్‌ను దాటడం’ అన్న మాటకే రెండు దారులున్నాయి. ‘ఎలుదారె’ శుద్ధమైన పుస్తక పదంలా కనిపిస్తుంది, కొత్త అనువాదకులు దానికి ఆకర్షితులవుతారు. కానీ రొమేనియన్ పత్రికల్లో అది ఎక్కువగా చట్టాన్ని తప్పించుకోవడం గురించి చెప్పేటప్పుడు వస్తుంది. ఆ మాట వాడితే పాఠకుడు మొదటి వరుసలోనే నేరస్థుడిగా నిలబడతాడు. ‘ఒకోలిరె’ అంటే చుట్టు తిరిగి వెళ్లడం. రోడ్డు తవ్వేస్తే పక్క దారిన వెళ్లడానికీ అదే మాట. అదే వాడండి. ఇలాంటిదే ‘ఉర్మరీరె’. ప్రకటనల కంపెనీలు మన వెంట పడటానికి ఈ మాట సరిపోతుంది. అయితే పక్కన ఒక విశేషణం చేరితే అదే నేర దర్యాప్తు అవుతుంది. ‘మీరు ఉర్మరీరెలో ఉండవచ్చు’ అన్న ధోరణిలో వాక్యం వస్తే మనిషి బెదిరిపోతాడు. ‘మీ బ్రౌజింగును ప్రకటనల కంపెనీలు గమనిస్తాయి’ అని కర్త ఎవరో చెప్పి రాయండి.

బ్రిడ్జికి ‘పున్తె’ అనాలా, ‘పోద్’ అనాలా అన్న వాదం మీకు తప్పక ఎదురవుతుంది. ‘పోద్’ అంటే నది మీది వంతెన. ‘పున్తె’ అంటే వాగు దాటే చిన్న వంతెన కూడా, రెండు వైపులను కలిపేది అన్న విశాలార్థం కూడా. టోర్‌లో బ్రిడ్జి అంటే బహిరంగ జాబితాలో పేరు లేని ప్రవేశ సర్వరు. జాబితాలో లేదు కాబట్టే అడ్డుకోవడం కష్టం. నా ఓటు ‘పున్తె’కే. కానీ నా ఓటు కంటే ఆ ప్రాజెక్టు పదకోశంలో ఇప్పటికే ఏముందన్నదే ముఖ్యం. ఒకే పేజీలో రెండు మాటలు కనిపిస్తే చదివేవాడు అవి రెండు వస్తువులనుకుంటాడు. అబ్‌ఫ్స్4, స్నోఫ్లేక్, వెబ్‌టన్నెల్ వంటి బ్రిడ్జి రకాల పేర్లను మాత్రం అనువదించకండి. స్నోఫ్లేక్‌కు మంచురేకు అన్న అర్థం ఉందని రొమేనియన్‌లోకి మార్చిన ఒక ముసాయిదా చూశాను. తెర మీద ఆ పేరు ఎక్కడా కనిపించక చదివేవారు వెతుకుతూ ఉండిపోతారు.

పాఠకుడిని ఏమని సంబోధించాలి? రొమేనియన్‌లో మన ‘నువ్వు’, ‘మీరు’ల వలెనే ‘తు’, ‘దుమ్నావ్వాస్త్ర’ ఉన్నాయి. ఈమధ్య కంపెనీల పాఠ్యాలన్నీ ‘తు’కి దిగాయి, చనువుగా ఉంటుందని. సహాయ సూచనల్లో నేను దానికి ఒప్పుకోను. మర్యాద ఒక కారణం. వ్యాకరణం అంతకంటే పెద్ద కారణం. ‘తు’ ఆజ్ఞార్థకంలో ‘అపాస’ అంటే ‘నొక్కు’. అదే రూపానికి ‘అతడు నొక్కుతాడు’, ‘అది నొక్కుతుంది’ అన్న అర్థం కూడా ఉంది. ‘దెస్కార్క’ అంటే ‘దించుకో’ అనీ, ‘అది దించుకుంటుంది’ అనీ రెండు అర్థాలు. వరుసలు విరిగిన పేజీలో, ఈ పని నేను చేయాలా, ప్రోగ్రామే చేస్తుందా అన్న సందేహం వస్తే మనిషి చేయవలసినది చేయకుండా కూర్చుంటాడు. ‘అపసాత్స్’, ‘దెస్కర్కాత్స్’ అన్న మర్యాద రూపాల్లో ఆ సందేహానికి తావు లేదు. సర్వనామం పదే పదే రాయనక్కరలేదు, క్రియే మర్యాదను మోస్తుంది. మన ‘నొక్కండి’ సరిగ్గా ఇదే పని చేస్తుంది కాబట్టి తెలుగువారికి ఇది సహజంగా అబ్బుతుంది.

లింగం విషయంలోనూ జాగ్రత్త. ‘మీరు నిశ్చయంగా చేయదలిచారా?’ వంటి ప్రశ్నలో ‘సిగూర్’ అన్న విశేషణం మగవారికి ఒక రూపంలో, ఆడవారికి మరో రూపంలో వస్తుంది. దాన్ని క్రియావిశేషణంగా వాక్యం మొదట్లో పెడితే ఆ తగాదా పోతుంది. ‘మీరు కనెక్ట్ అయ్యారు’ అన్నదాన్ని ‘కనెక్షన్ ఏర్పడింది’ అని మార్చితే సరిపోతుంది.

ప్రత్యయాల గురించి మీకు ఎక్కువ చెప్పనక్కరలేదు, తెలుగులో రోజూ పడే కష్టమే. రొమేనియన్‌లో నిర్దేశక ప్రత్యయం పదం చివర అతుక్కుంటుంది, విభక్తి కూడా అక్కడే మారుతుంది. వాక్యం మధ్యలో ప్రోగ్రామ్ తర్వాత పూరించే ఖాళీ స్థానం ఉంటే, అక్కడ ఏ పేరు వస్తుందో మీకు ముందుగా తెలియదు. అందుకే ఖాళీకి ముందు యాప్‌కు ‘అప్లికాత్సియ’ అనో నెట్‌వర్కుకు ‘రెత్సేఆవ’ అనో ఒక జాతివాచకం పెట్టి, విభక్తిని దానికి తగిలించండి. ‘టోర్’కు ప్రత్యయం అతికించే బదులు ‘టోర్ నెట్‌వర్కు’ అనండి. ‘బ్రౌజరుల్’ అన్నదాన్ని మధ్యలో గీత లేకుండా కలిపి రాయాలి. రాతకూ ఉచ్చారణకూ పొసగని ‘సైట్’ వంటి మాటలకే గీత. సంఖ్యల దగ్గర మూడు బహువచన రూపాలుంటాయి. 1కి ఒకటి. 2 నుంచి 19 వరకు, 19 గంటలను ‘19 ఒరె’ అన్నట్టు నేరుగా. 20 నుంచి ‘20 దె ఒరె’ అని మధ్యలో ‘దె’ చేరుతుంది. 101 దగ్గర ‘దె’ మళ్లీ పోతుంది, 120కి తిరిగి వస్తుంది. అనువాద వేదిక మూడు గడులు చూపిస్తే మూడూ నింపండి, ఒకే వాక్యాన్ని మూడు చోట్ల అతికించకండి.

అక్షరాల కింద గుర్తుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. రొమేనియన్ ‘ష’, ‘త్స’ అక్షరాల కింద ఉండవలసింది కామా. పాత కంప్యూటర్లలో ఆ అక్షరాలు లేక, టర్కిష్ తరహాలో కొక్కెం ఉన్న అక్షరాలను వాడేవారు. కామా రూపాలు యూనికోడ్‌లోకి 1999లో వచ్చాయి, విండోస్‌లో అందరికీ అందుబాటులోకి రావడానికి 2007 అయింది. ఇప్పటికీ పాత కీబోర్డులతో కొక్కెం అక్షరాలు దూరిపోతాయి. కంటికి తేడా తెలియదు, కానీ వెతికే యంత్రానికి అవి వేరే అక్షరాలు. పేజీలో మాట ఉన్నా వెతికితే దొరకదు. పని పూర్తయ్యాక ఆ పాత అక్షరాల కోసం, చిన్నవీ పెద్దవీ కలిపి నాలుగింటి కోసం, ఒకసారి వెతికి మార్చేయండి.

గుర్తులు మొత్తానికే వదిలేస్తే మరో ప్రమాదం. గుర్తులతో ‘ప్న ల కొనెక్తారె’ అని పలికేది ‘కనెక్ట్ అయ్యేవరకు’. గుర్తులు తీసేస్తే అది ‘పాన ల కొనెక్తారె’, అంటే ‘కనెక్షన్‌లో వైఫల్యం’. ‘కనెక్ట్ అయ్యేవరకు వేచి ఉండండి’ అని రాసి, చదివేవాడికి లోపం గురించి చెప్పినట్టవుతుంది. ఎస్సెమ్మెస్‌లో పంపే కురచ సూచనలకు మాత్రం గుర్తులు లేని పాఠ్యం విడిగా తయారుచేయండి. ఎందుకంటే ఆ గుర్తుల్లో ఒక్కటి చేరినా సందేశం పరిమితి 160 అక్షరాల నుంచి 70కి పడిపోతుంది. మన తెలుగు సందేశాలకూ ఉన్న ఇబ్బందే ఇది. ఆ కురచ పాఠ్యాన్ని ఉన్న వాక్యాల్లో గుర్తులు చెరిపేసి చేయకూడదు. గుర్తులు లేకపోయినా రెండో అర్థం రాని మాటలతో కొత్తగా రాయాలి.

అసలు చేయి పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. బ్రిడ్జి వరుస అంటే రకం పేరు, అంకెల చిరునామా, పోర్టు, సర్వరును గుర్తించే 40 అక్షరాల వేలిముద్ర, ఆపై ధ్రువపత్రం. ఇందులో ఒక్క ఖాళీ ఎక్కువైనా పనిచేయకపోవచ్చు. ఫోను కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది, రెండు గీతలను ఒకే పొడవు గీతగా మారుస్తుంది, తిన్నని ఉద్ధరణ చిహ్నాలను రొమేనియన్ చిహ్నాలుగా దిద్దేస్తుంది. ఆదేశ వరుసలను మూలం నుంచి కాపీ చేయండి తప్ప ఎన్నడూ టైపు చేయకండి. రొమేనియన్‌లో దశాంశానికి కామా పెడతారు కదా అని వెర్షన్ సంఖ్యల్లో చుక్కను కామాగా మార్చిన అనువాదాలు కూడా నా దగ్గరికి వచ్చాయి.

మోల్డోవా కోసం వేరే అనువాదం కావాలా అని కూడా మీరు అడిగారు. అక్కరలేదు. అక్కడ 1989 ఆగస్టు 31న లాటిన్ లిపి తిరిగి వచ్చింది. భాషా సంకేతాల జాబితాలో మోల్డోవన్‌కు ఉన్న విడి సంకేతాన్ని 2008లో రద్దుచేశారు. 2023 మార్చిలో అక్కడి పార్లమెంటు చట్టాలన్నిటిలోనూ భాష పేరును రొమేనియన్‌గా మార్చింది. ఒకే పాఠం సరిపోతుంది, బుకారెస్ట్ పత్రికల ముద్ర మరీ కొట్టొచ్చినట్టు ఉండే కొత్త ఇంగ్లీషు అరువు మాటలు లేకుండా చూసుకుంటే చాలు. నీస్టర్ నదికి అవతల, మోల్డోవా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న ట్రాన్స్‌నిస్ట్రియాలో, అధికారికంగా ఇప్పటికీ సిరిలిక్ లిపే. అక్కడి వారి కోసం పేజీ పైన రష్యన్ పాఠానికి ఒక లింకు పెట్టండి. మీరే లిపి మార్చి రాయడానికి ప్రయత్నించకండి.

పూర్తయిన పేజీని కంప్యూటర్ మనుషులకు చూపించకండి. వారు తప్పుల మీదుగా అర్థం చేసుకుంటూ వెళ్లిపోతారు. నేను మా పై అంతస్తులోని విశ్రాంత ఉపాధ్యాయురాలికి చూపిస్తాను. ఫోను ఆమె చేతికిచ్చి, పక్కన కూర్చుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా చూస్తాను. ఆమె వేలు ఎక్కడ ఆగితే అక్కడ వాక్యం తిరగరాస్తాను. ఒకసారి ఆమె ‘పరోల’ దగ్గర ఆగింది. పాస్‌వర్డు అనే అర్థం తెలియక కాదు. ఏ పాస్‌వర్డు, ఈమెయిలుదా, ఫోనుదా అని. మూలంలోనూ అది స్పష్టంగా లేదు. అప్పుడు మూల రచయితలకు రాసి ఇంగ్లీషునే మార్పించాం. మీకూ అలాంటివి తగులుతాయి. అనువాదకుడి కంటే శ్రద్ధగా మూలాన్ని చదివేవారు ఉండరు కాబట్టి, సందేహం వస్తే ఊహించి పూడ్చకండి, అడగండి.

ఒక్క వాక్యం మాత్రం ఎప్పుడూ మీ అంతట మీరు చేర్చకండి. అది ‘ఇది పూర్తిగా సురక్షితం’. మూలంలో లేని ధైర్యం అనువాదంలో చెప్పకూడదు. మాస్కోలో ఉన్న ఆ మనిషి నష్టాన్ని తానే లెక్కవేసుకోవాలి, ఆ లెక్కకు కావలసిన నిజాలు మాత్రమే మనం ఇవ్వాలి.

చివరగా మీ గురించి. అనువాద వేదికల్లో మీరు చేసే ప్రతి మార్పుతో పాటు మీ పేరు, ఈమెయిలు ఆ ప్రాజెక్టు చరిత్రలో నమోదవుతాయి. అది బహిరంగం, తర్వాత చెరపడం చాలా కష్టం. మోల్డోవాలోనో రొమేనియాలోనో ఉన్నంతకాలం దానితో ఇబ్బంది లేకపోవచ్చు. కానీ మీరు వైద్యులు, రేపు ఏ దేశంలో ఉద్యోగం వస్తుందో తెలియదు. ఈ పని కోసం విడిగా ఒక పేరు, విడిగా ఒక ఈమెయిలు పెట్టుకోండి. వేదిక సెట్టింగుల్లో మార్పులకు ఏ చిరునామా జతకావాలో ఎంచుకునే చోటు ఉంటుంది, మొదటి వాక్యం అనువదించడానికి ముందే దాన్ని సరిచేయండి. ఆ తర్వాత బ్రిడ్జిల పేజీతో మొదలుపెట్టండి. అవసరంలో ఉన్నవారు ముందుగా వెతికేది దాన్నే.